పదో గడి

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీరల దుకాణానికి వెళ్తే, చీర కుదిరినా కుదరకపోయినా, గల్లా ముందు కూర్చున్న సేటును చూస్తూ ఓ గంట గడిపేయొచ్చు. నాతో 'మీకు ఎక్కువ చెప్తానా అమ్మా, మా పాత గిరాకీ మీరు' అని తెలుగులో బేరం. చీరలు విప్పి పరిచే కుర్రాడి మీద హైదరాబాదీ ఉర్దూలో కేకలు. సూరత్ నుంచి ఫోనొస్తే హిందీ. ఇంటి నుంచి ఫోనొస్తే గొంతు సగం తగ్గి మార్వాడీ. ఇన్ని భాషల మధ్య ఆ మనిషి ఎక్కడా తడబడడు. కానీ సాయంత్రం నోట్ల కట్ట చేతిలోకి తీసుకుని బొటనవేలు తడి చేసుకున్నాడంటే పెదవుల మీద ఒకే భాష కదులుతుంది. ఆ సమయంలో ఎవరు ఏ భాషలో పలకరించినా చెయ్యెత్తి ఆగమంటాడు.

లెక్కల టీచర్‌గా బతుకు గడిపినదాన్ని కాబట్టి నా చూపు అక్కడికే పోతుంది. ఎక్కాలు ఏ భాషలో వచ్చాయో, మనిషి చాలామటుకు ఆ భాషలోనే లెక్కపెడతాడు. మా బడిలో ఇంగ్లిష్ మీడియం సెక్షన్ పెట్టిన కొత్తలో 'సెవెన్ ఎయిట్స్?' అని అడిగితే ముందు బెంచీ పిల్ల పెదవులు 'ఏడెనిమిదులు' అని కదిలేవి. తర్వాత చెయ్యి లేచేది. ఆ తర్వాతే 'ఫిఫ్టీ సిక్స్ టీచర్' అని నోరు తెరుచుకునేది. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. కూరగాయల బండివాడు 'అరవై తొమ్మిది' అంటే ఈ కాలం పిల్లలు తల్లి మొహం చూస్తారు, ఎంతన్నాడని.

ఎక్కాలొక్కటే కాదు. కాలి బొటనవేలు గడపకి తగిలితే వచ్చే కేక, కిక్కిరిసిన బస్సులో ఎవరో కాలు తొక్కితే వచ్చే తిట్టు, స్ట్రెచర్ మీద ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే నోట్లో నలిగే దేవుడి పేరు, ఇవేవీ మనం కోరి ఎంచుకునేవి కావు. సెలవు చీటీకి భాష ఎంచుకుంటాం, పెళ్లి శుభలేఖకి ఎంచుకుంటాం. మిగతావి వాటంతటవే వస్తాయి. మూడు నాలుగు భాషలున్న మనిషిలో అవి అన్నదమ్ముల పొలంలా గట్లు వేసుకుని ఉంటాయి. గట్టు జరిగిందని అప్పుడప్పుడూ తగాదాలు కూడా వస్తాయి.

అలాంటి సేటును పట్టుకుని 'మీ భాష ఏది' అని అడిగితే క్షణం ఆలోచించకుండా ఒకే పేరు చెప్తాడు. ఏ పొలం చెక్కను చూసుకుని చెప్తాడు? నాకీ ప్రశ్న ఊరికే పుట్టలేదు, సర్కారు వారు చేతికి ఫారం ఇచ్చి ఇంటింటికీ పంపితే పుట్టింది.

2011 జనాభా లెక్కలకి మా బడి టీచర్లందరితో పాటు నాకూ డ్యూటీ పడింది. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. మెట్టుగూడ వైపు కొన్ని వీధులు నా వంతు. పేరు, వరస, పుట్టిన తేదీ, పెళ్లి, మతం అన్నీ అయ్యాక పదో గడి వస్తుంది: మాతృభాష. దాని పక్కనే పదకొండోది: తెలిసిన ఇతర భాషలు, రెండింటికి మించకుండా. మెట్టుగూడ రైల్వే వాళ్ల పేట. రెండింటికి మించకుండా భాషలొచ్చిన మనిషి దొరకడమే అక్కడ కష్టం.

శిక్షణలో మాతృభాషకి నిర్వచనం చెప్పారు. చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. పసితనంలోనే తల్లి పోయి ఉంటే, ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. కులం లేదు, రాష్ట్రం లేదు, లిపి లేదు, తాతతండ్రుల ఊసు లేదు. తల్లి, బిడ్డ, వాళ్లిద్దరి మధ్య నడిచిన మాట. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, వాదన పెట్టుకోకూడదు అని కూడా చెప్పారు. వాదన అవసరమే రాలేదు. ఆ నిర్వచనాన్ని పట్టించుకున్నవాళ్లు ఉంటే కదా!

ఒక ఇంట్లో ముదలియార్ల ముసలావిడ. వాళ్ల తాతలు మద్రాసు పటాలంతో పాటు కంటోన్మెంటుకి వచ్చారట. 'మాది తమిళమేనమ్మా' అంది, తెలుగులో. లోపలికి తిరిగి మనవణ్ణి మంచినీళ్లు తెమ్మంది, అదీ తెలుగులోనే. నా కలం ఆగడం చూసి నవ్వింది. 'ఇంట్లో ఎవరన్నా పోతే తప్ప తమిళం బయటికి రాదులే మాకు. ఏడుపు మాత్రం తమిళమే.' ఒప్పారి, అంటే చావింటి ఏడుపు పాట, పాడటం వచ్చినవాళ్లలో ఆ వీధిలో తానొక్కతే మిగిలిందట. ఆ సంగతి కొంచెం గర్వంగానే చెప్పింది.

రెండిళ్ల అవతల మోటారు మెకానిక్. పుట్టి పెరిగింది భువనగిరి దగ్గర పల్లె. మాటంతా నల్గొండ తెలుగు. 'ఉర్దూ రాయుండ్రి టీచరమ్మా' అన్నాడు. పిల్లలకు చదవడం వచ్చా అంటే, 'రాకుంటే ఏంది, మాదే గద' అన్నాడు. మరో వాటాలో సాఫ్ట్‌వేర్ దంపతులు. మూడేళ్ల కొడుకు గడిలో ఇంగ్లిష్ రాయమన్నాడు తండ్రి. వంటింట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది: 'రాత్రి నిద్రలో కలవరించేది తెలుగులనే, అది గూడ రాసుకోమను.' నేను తండ్రి చెప్పిందే రాశాను, నిబంధన అది. ఆ లెక్కల్లో ఇంగ్లిష్ మాతృభాష అన్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 2.6 లక్షల మంది తేలారు. అందులో మెట్టుగూడ చిరంజీవి ఒకడు.

ఇళ్ల పనికి వెళ్లే ఒకావిడ లంబాడీ అని చెప్పింది. చెప్పేముందు కొంగు సర్దుకుని, 'రాస్తే ఏమన్న ఒస్తదా?' అని అడిగింది. ఏమీ రాదని చెప్పి రాసుకున్నాను. నేను రాసిన ఆ మాట ఢిల్లీ చేరాక ఏమైందో తర్వాతెప్పుడో పట్టికలు చూస్తే తెలిసింది. జనం చెప్పిన పేర్లు 19,500కి పైగా ఉంటే వాటిని వడపోసి 1369 మాతృభాషలు చేశారు. వాటిని మళ్లీ మూటలు కట్టి 121 భాషలు చేశారు. లంబాడీ హిందీ మూటలో పడింది. ఆవిడకి హిందీ టీవీ సీరియల్ అర్థం కాదు. ఆ పేరు మీద మాత్రం హిందీ మాట్లాడేవాళ్లలో ఒకరుగా లెక్కకెక్కింది. ఏమీ రాదని నేను చెప్పిన జవాబు అక్షరాలా నిజమైంది, ఉన్నది కూడా పోయింది.

ఆ ఇరవై రోజుల్లో నాకు అర్థమైందొకటే. పదో గడి ముందు జనం నోట వచ్చేది వాడుక భాష కాదు, తల్లి మాట్లాడిన భాష కూడా కాదు. తాము ఎవరి పక్కన నిలబడదలచుకున్నారో ఆ పేరు. ముసలావిడ ముదలియార్ల పక్కన, మెకానిక్ తన మసీదు పక్కన, సాఫ్ట్‌వేర్ తండ్రి తన కొడుకు రేపటి ఉద్యోగం పక్కన. అబద్ధమాడారని నేననను. అభిమానమూ సంసారమూ వేర్వేరు భాషల్లో నడవడం వింతేమీ కాదు. వింతల్లా ఆ రెండూ ఒకటే అయి తీరాలని మనం పట్టుబట్టడం.

నిర్వచనాన్ని ఖచ్చితంగా పాటిస్తే ఏమవుతుందో చూడాలంటే సరోజినీ నాయుడు ఇంటికి వెళ్లాలి. తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ బెంగాల్ నుంచి వచ్చి, తర్వాత నిజాం కాలేజీగా మారిన హైదరాబాద్ కాలేజీని నడిపినవాడు. తల్లి వరదసుందరీ దేవి బెంగాలీలో కవిత్వం రాసిన మనిషి. ఈ పిల్లకి ఇంగ్లిష్ నేర్చుకోవడం ఇష్టం లేదు, మొండికేసింది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఓ రోజంతా గదిలో ఒంటరిగా పెట్టి తలుపేశాడు. బయటికొచ్చాక తల్లిదండ్రులతో ఇంగ్లిష్ తప్ప మరో భాష మాట్లాడలేదట. తల్లి మాత్రం ఆమెతో ఎప్పుడూ హిందుస్తానీలోనే మాట్లాడేది. ఇదంతా ఆమే స్వయంగా ఒక ఉత్తరంలో రాసుకుంది. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకం ముందుమాటలో ఆర్థర్ సైమన్స్ ఆ ఉత్తరాన్ని వేశాడు. ఆ లెక్కన నేను ఆ గుమ్మంలో ఫారం పట్టుకుని నిలబడి ఉంటే, బెంగాలీ కవయిత్రి కూతురైన సరోజినీ దేవి పదో గడిలో హిందుస్తానీ రాయాలి. ఆమె కవిత్వం రాసింది ఇంగ్లిష్‌లో, పెళ్లాడింది తెలుగు డాక్టర్ని. పదకొండో గడిలో ఏ రెండు రాయాలో మీరే చెప్పండి.

ఒక పిల్లని గదిలో పెట్టి నేర్పిన భాషలో ఆ పిల్ల పాటలాంటి కవిత్వం రాసిందంటే, శిక్షతో వచ్చిన భాష మనసుకి ఎక్కదనే మాట నిలబడదు. నాకిది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, బెత్తం పట్టుకున్న టీచర్లకి ఇదో సాకు అవుతుందేమోనని. అయినా నిజం నిజమే.

మా వరంగల్ వైపు అయితే కాళోజీ నారాయణరావు ఉన్నారు. 1914లో పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్లి. తల్లి కన్నడిగ, తండ్రి మరాఠీ. మరాఠీ, ఉర్దూ, హిందీల్లో రాయగలిగిన మనిషి తెలుగును పట్టుకున్నాడు, అదీ బళ్లో నేర్పే తెలుగును కాదు, మా ఊళ్ల తెలుగును. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అటు తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్ అనే ఊళ్లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళ పల్లె యాసకి పెద్ద దిక్కయ్యాడు. ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి వలసపోయిన తనవాళ్ల కథని 'గోపల్ల గ్రామం' నవలగా చెప్పింది తమిళంలోనే. మనకో కన్నడ తల్లి కొడుకు, వాళ్లకో తెలుగు తల్లి కొడుకు. తల్లి నాలుక నుంచి వచ్చేది ఒకటి, పెరిగిన వీధి నుంచి వచ్చేది ఇంకొకటి. రెండో దాన్ని తక్కువ చేసి చూడటం మనకి అలవాటైపోయింది.

ఇక మా బాపు, అంటే మా నాన్న, సంగతి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆయనే.

బాపు చదువంతా ఉర్దూలో. ఆ తరంలో నిజాం రాజ్యంలో ఉద్యోగం కావాలంటే మరో దారి లేదు. కచేరీ ఉర్దూ, కోర్టు ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైన్సు చదువు కూడా ఉర్దూలోనే. ఒక భారతీయ భాషలో అంత పెద్ద చదువు చెప్పడం గొప్ప ప్రయోగమే, నేను కాదనను. కానీ ఆ భాష రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో లేదు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో కర్వే పండితుడి అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోని మరాఠీవాళ్లు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అప్పటికే ఉన్నాయి. బాపు కుర్రతనంలో ఆ బాటలోనే ఊళ్లో గ్రంథాలయం నడిపిన జట్టులో ఒకడు. పత్రికలు తెప్పించి రచ్చబండ మీద చదివి వినిపించేవాడట. పైవాళ్లకి ఎక్కడ తెలుస్తుందో అని భయం కూడా ఉండేదట. ఉర్దూ పెత్తనం మీద ఆయనకున్న కోపం చివరిదాకా చల్లారలేదు. సంతకం తెలుగు, ఉత్తరాలు తెలుగు, మాకు పెట్టిన పేర్లు తెలుగు. కొట్లాటకి పోయినా తెలుగు కోసమే పోయేవాడు.

ఖర్చుల పుస్తకం మాత్రం ఉర్దూలో.

తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన మొదటి రోజు నుంచి అలవాటైన చెయ్యి అది. పొడుగాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. మనకి చివరి పేజీ అయినది ఆయనకి మొదటి పేజీ. మాటలు కుడి నుంచి ఎడమకి వెళ్లేవి, వాటి మధ్యలో అంకెలు ఎడమ నుంచి కుడికి. ఒక్క వరుసలోనే కలం రెండు దిక్కులా నడవడం నా చిన్నప్పుడు నాకు ఇంద్రజాలంలా ఉండేది. రాత్రి భోజనమయ్యాక లాంతరు దగ్గర కూర్చుని, పెదవుల్లో ఉర్దూ ఎక్కం అనుకుంటూ, కాలణాతో సహా తేల్చేవాడు. మాకెవరికీ ఆ లిపి రాదు. నేర్పమని నేనడిగితే, 'నీకెందుకు బిడ్డా, దాని కాలం అయిపోయింది' అన్నాడు.

ఆయన పోయిన కొన్నాళ్లకి భూమి కాగితాల కోసం ఆ పుస్తకాలు బయటికి తీశాం. చదివిపెట్టమని పక్క వీధి రిటైర్డ్ ఉర్దూ మాస్టారుని పిలిచాం. ఆయన అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతూ, కావాల్సింది దొరికేదాకా అక్కడొకటి ఇక్కడొకటి పైకి చదువుతున్నాడు. కిరసనాయిలు, ఉప్పు, టాంగా కిరాయి. పాలు ఒక సేరు, ప్రతి రోజూ. ఒక పేజీలో డాక్టరు ఫీజు వరసగా కొన్ని రోజులు. మందులు. మళ్లీ డాక్టరు. ఆ తర్వాత ఒక తారీఖు. మాస్టారు ఆగి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు: 'ఆజ్ కోయీ ఖర్చ్ నహీఁ.' ఇవాళ ఖర్చేమీ లేదు. మరుసటి రోజు నుంచి పాలు అర సేరు.

మాస్టారు దాన్ని తెలుగులో చెప్పబోయేలోపే మా అమ్మ అంది: 'పాలు సగం చెయ్యమని నేనే చెప్పిన.'

అది నా తర్వాత పుట్టి రెండో ఏట పోయిన తమ్ముడి సంగతి. బాపు నోట వాడి మాట మేమెప్పుడూ వినలేదు. అమ్మ బడికి వెళ్లిన మనిషి కాదు. ఆ లిపి ఆమెకూ నల్ల గీతలే. కానీ అంగట్లో, ఇరుగుపొరుగు ఆడవాళ్లతో, ఆ భాష చెవిన పడి పడి వచ్చింది. పుస్తకం రాసింది ఆయన, చదివింది పరాయి మనిషి, అర్థమైంది ఆమెకి. నాకు, ఎమ్మెస్సీ చదివిన దానికి, ఎవరో తెలుగు చేసి చెప్తే గానీ తెలియలేదు.

దీన్ని బట్టి బాపు గుండె ఉర్దూలో ఉండేదని తీర్పు చెప్పినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. తెలుగు తెలుగు అని ఊగిపోయినవాడు లోలోపల ఉర్దూవాడేనని ఒకాయన ముసిముసిగా నవ్వాడు కూడా. నేనొప్పుకోను. ఆయన దుఃఖాన్ని ఏదో భాషలో దాచిపెట్టాడని కూడా నేననుకోను. లెక్క ఉర్దూలో రాసే చెయ్యి అది. ఆ రోజు లెక్క రాయడానికి కూర్చుంది, రాయడానికేమీ లేకపోయింది. దుఃఖం లెక్కల వాటాలోకి వచ్చి పడింది కాబట్టి దాని భాష ఉర్దూ అయింది. చివరి జబ్బులో ఆయన నోట పోతన పద్యాలూ వచ్చాయి, పహాణీ నంబర్లూ వచ్చాయి. రెండూ ఒకే మనిషివి. ఒక భాష అధికారాన్ని ఎదిరించి, అదే భాషలో కొడుకు చావుని రాసుకున్నవాడిని ఏ గడిలో పెట్టినా సగమే పడతాడు.

ఇలాంటి సంగతుల్ని వేళ్లకి తీగలు చుట్టి కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. బోస్టన్‌లో కేథరిన్ హారిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి 2003లో ఒక ప్రయోగం అచ్చువేశారు. అక్కడ ఉంటున్న, టర్కీ భాష మాతృభాషగా, ఇంగ్లిష్ తర్వాత నేర్చుకున్నవాళ్లని కూర్చోబెట్టి రెండు భాషల్లోనూ మాటలు వినిపించారు. మనసు కదిలితే వేళ్ల కొసల చర్మంలో సన్నగా చెమట పట్టి విద్యుత్తు తేలికగా పారుతుంది, దాన్ని కొలుస్తారు. బూతులకీ భయపెట్టే మాటలకీ స్పందన ఎలాగూ ఉంది. రెండు భాషల మధ్య తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించింది చిన్నప్పుడు పెద్దవాళ్లు మందలించే మాటల్లో. 'సిగ్గులేదూ?' లాంటివి. టర్కీ భాషలో వింటే చెయ్యి చెమర్చింది. ఇంగ్లిష్‌లో వింటే అంతగా లేదు.

ఇది చదివినప్పుడు మా స్టాఫ్ రూమ్‌లో నవ్వుకున్నాం. ఇంగ్లిష్ మీడియం క్లాసులో పిల్లల్ని ఇంగ్లిష్‌లో కోప్పడి చూసిన టీచరెవరికైనా ఇది ముందే తెలుసు. 'ఐ యామ్ వెరీ డిసపాయింటెడ్' అంటే వెనక బెంచీ కిసుక్కుమంటుంది. 'ఏంరా, మీ అమ్మ పొద్దున లేచి డబ్బా కట్టి పంపింది ఇందుకేనా' అంటే క్లాసు క్లాసంతా నేల చూస్తుంది. పాఠం ఏ మీడియంలో చెప్పినా మందలింపు మాత్రం తెలుగు మీడియమే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అంతగా కాల్చని భాషని కావాలనే వాడుకుంటాం. 2014లో బార్సిలోనా, షికాగో పరిశోధకులు కలిసి, అయిదుగురిని బతికించడానికి ఒకణ్ణి రైలు కిందికి తోస్తావా అన్న పాత చిక్కు ప్రశ్నని జనం ముందు పెట్టారు. తర్వాత నేర్చుకున్న భాషలో అడిగితే తోస్తానన్నవాళ్లు ఎక్కువయ్యారు. మన దగ్గర రైళ్లూ వంతెనలూ అక్కర్లేదు. ఆడవాళ్లు నలుగురు కూర్చుని ఒంటి జబ్బుల గురించి మాట్లాడుకోవడం వినండి, ఎక్కడ ఇంగ్లిష్ మొదలవుతుందో తెలిసిపోతుంది. కోర్టుకెక్కిన కాపురం, రాని సంతానం, గడ్డ తేలిన రిపోర్టు, అన్నీ ఇంగ్లిష్ మాటలే. గొప్ప కోసమని వెక్కిరిస్తారు గానీ నాకలా అనిపించదు. వేడి గిన్నెని పట్టుకోవడానికి కొంగు ఎవరికైనా కావాలి. నాకు ఒకసారి బయాప్సీ చేయాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి మా ఆయనతో ఇంగ్లిష్‌లోనే చెప్పాను. తెలుగులో మొదలుపెడితే వాక్యం పూర్తయ్యేది కాదు.

డబ్బు సంగతులకి మా ఇంట్లో వేరే ఏర్పాటు. పిల్లల ముందు నేనూ మా ఆయనా ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లం. హైదరాబాద్‌లో చాలా తెలుగు ఇళ్లలో ఇదే పద్ధతి. అంటే బాపు కోపగించుకున్న భాష రెండో తరానికి వచ్చేసరికి చిట్టీ పాటల, చేబదుళ్ల గుట్టు భాష అయింది. పిల్లలు వీధిలో క్రికెట్ ఆడి అది కూడా నేర్చేశారు. ఇక డాబా ఎక్కి మాట్లాడుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది.

ఇన్ని భాషల్లో బతికితే ఒరిగేదేమిటని అడిగేవాళ్లకి హైదరాబాద్ నుంచే ఒక జవాబుంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు రోగుల వివరాలు పరిశీలించి 2013లో అచ్చువేసింది. ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండు అంతకు మించి వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ తేడా కనిపించింది. అంటే మా అమ్మలాంటివాళ్లలో. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లిష్ కలగలిసిన ఊరు కాబట్టి ఇలాంటి పని ఇక్కడ సాధ్యమైంది. దీన్ని మందులా మింగేద్దామని నేను చెప్పను, ఒక్క అధ్యయనంతో అన్నీ తేలవు. కానీ రెండు భాషలు కలిపి మాట్లాడితే రెండూ చెడతాయని మమ్మల్ని చిన్నప్పుడు భయపెట్టినవాళ్లకి ఈ కాగితం ఒకటి పోస్టులో పంపాలనిపించింది.

ఇప్పుడు మా ఇంటికే పదో గడి కష్టం వచ్చింది.

మా కోడలు షోలాపూర్ పిల్ల, మరాఠీ. 1921 నాటి సభ గురించి మా బాపుకి ఎంత మంటో తెలిసిన నేను, పెళ్లి చూపులప్పుడు మనసులో ఆయన ఫొటో వైపు చూసి దండం పెట్టుకున్నాను. అయితే షోలాపూర్‌లో తెలంగాణ నుంచి తరతరాలుగా వలసపోయిన పద్మశాలీలు వీధులు వీధులుగా ఉన్నారు. ఈ పిల్లకి వాళ్ల పిల్లలతో ఆడుకుని మా ఇంటికి రాకముందే సగం తెలుగు వచ్చు. ఆ సగమూ తిట్లే. వచ్చిన కొత్తలో పాలవాడితో ఆమె మాట్లాడిన తెలుగు విని నేను లోపలికి పరిగెత్తాల్సి వచ్చింది. నా కొడుకూ ఆమే ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారు, తగువు ముదిరితే ఎవరి దారిన వాళ్లు సొంత భాషలోకి వెళ్లిపోతారు. అర్థం కాకపోవడం వల్ల కొన్ని తగువులు తొందరగా చల్లారతాయి కూడా.

మనవడికి నాలుగేళ్లు. 2027 ఫిబ్రవరిలో జనం లెక్క ఉంటుందని ప్రకటించారు. ఈసారి ఫోన్లలో నింపుతారట. మాతృభాష ప్రశ్న ఈసారీ ఉంటుందనే నా నమ్మకం. భోజనాల దగ్గర మాటల్లో ఈ సంగతి వచ్చింది. తెలుగు అని రాయించాలి, ఇందులో అడగాల్సిందేముంది అన్నాడు నా కొడుకు. నేను నిర్వచనం చెప్పాను. తల్లి ఏ భాషలో మాట్లాడితే అది. అందరం కోడలి వైపు చూశాం.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. 'పొద్దున లేపేది మరాఠీలో అత్తమ్మా. స్కూల్‌కి తయారు చేసేది ఇంగ్లిష్‌లో, ఎందుకంటే అప్పుడు టైముండదు. అన్నం తినిపించేటప్పుడు మీ తెలుగు, చందమామ పాట మీరే నేర్పారుగా. కోపమొస్తే...' అని ఆగింది.

'కోపమొస్తే?' అన్నాడు మనవడు, తెలుగులోనే, అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని.

'కోపమొస్తే షోలాపూర్ తెలుగు' అంది.

నిబంధన ప్రకారం ఇందులో ఏది రాయాలో లెక్కల టీచర్ని నేనే తేల్చలేకపోయాను. నా కొడుకు తన పట్టు వదల్లేదు. కోడలు మాత్రం ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండి మరాఠీ రాయిస్తానని నవ్వుతూనే బెదిరించింది, వాళ్లమ్మకి మాటిచ్చిందట. జనం లెక్కల వాళ్లు ఏ పూట వస్తారో ఏ రోజు వస్తారో ముందే చెప్పరని నాకు తెలుసు. సాధారణంగా పదకొండు గంటలకి వస్తారు, ఉద్యోగస్తులు ఎవరూ ఇంట్లో లేని వేళ. అప్పుడు తలుపు తీసేది నేనే.